గోడ లేని ఊరి లెక్క

మా అన్న కూతురు రాస్తున్న నవలలోని ఊరు రెండో వానాకాలం దాటదని నేను అన్నప్పుడు, ఆ పిల్ల లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి, "అయితే దాటేటట్టు నువ్వే చెయ్యి కాకా" అంది. నేను చేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ ఊరి గురించే అయినా, మొదటి నుంచీ ఇందులో నాకు ముఖ్యమైన సంగతి ఒకటే. అది మా అమ్మ తినే అన్నం.

పిల్లకు పదిహేడేళ్లు. అల్లపల్లిలో హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి చదువుతోంది. ఆ వానాకాలం వాగులు పొంగి, బస్సు ఏ రోజు నడుస్తుందో ఏ రోజు ఆగుతుందో తెలియక ఇంటికి వచ్చేసింది. ఫోన్లో మరాఠీలోనూ ఇంగ్లీషులోనూ తన వయసు పిల్లల కోసం రాసిన నవలలు చదివేది. అన్నీ రాబోయే కాలం గురించినవే. ఒక చెడ్డ ప్రభుత్వం, మూసేసిన నగరం, మనుషులను విడదీసే ఏదో ఒక నియమం, చివరికి దానికి ఎదురు తిరిగే ఒక చిన్న పిల్ల. మధ్యాహ్నం బేరాలు పలుచబడ్డాక బియ్యం బస్తా మీద కూర్చుని ఆ కథలు నాకు తెలుగులో చెప్పేది. వినడానికి బాగుండేవి. కానీ ప్రతి కథలోనూ ఒకే చోట నాకు ముల్లు గుచ్చుకునేది. ఆ నగరంలో అందరూ ఏం తింటున్నారు? ఎవరు పండిస్తున్నారు? కాపలావాళ్లను ఎవరు పోషిస్తున్నారు? ఏ కథా చెప్పదు. నేను అడిగితే, "నువ్వు కథ ఇంటున్నవా, కిరాణం లెక్క పెడ్తున్నవా?" అని వెక్కిరించేది.

తరువాత తానే ఒకటి మొదలుపెట్టింది. తెలుగులో. ఆమె చదివిన బడిలో తెలుగు లేదు, అక్షరాలు మా దుకాణంలోనే నేర్చుకుంది. ఆ కథను కాలేజీలో ఒక సారుకు మరాఠీలో చెబితే ఆయన నవ్వి, ఇటువంటి సమాజం ఎక్కడా ఉండదని, జనం ఒక్కరోజు కూడా ఒప్పుకోరని అన్నాడట. ఆ మాట ఆమెను బాధపెట్టింది. అందుకే నన్ను చూడమంది.

మాది మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న సిరొంచ బజారులో కిరాణా, ధాన్యం దుకాణం. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇంటికి ఎన్ని ఇటుకలు పడతాయి, పెళ్లికి ఎంత బియ్యం పొయ్యాలి, ముక్కోణపు మడిని ముగ్గురు అన్నదమ్ములకు ఎట్లా కొయ్యాలి, ఇటువంటివి అడగడానికి ఊళ్లోవాళ్లు, నది ఒడ్డు రైతులు నా దగ్గరికి వస్తారు. మా దుకాణానిది పాతకాలపు తలుపు. పొడవాటి చెక్కలు ఒకదాని పక్కన ఒకటి గాడిలో నిలబెట్టి మూస్తాం. పొద్దున్నే తీసి అరుగు మీద గోడకు ఆనించి పెడతాం. ఏళ్ల తరబడి నూనె చేతులు తగిలి నల్లబడిన ఆ చెక్కల మీద సుద్దముక్కతో లెక్క వేస్తాను. కాగితం మీద వేస్తే జేబులోకి పోతుంది, చెక్క మీద వేస్తే బజారంతా చూస్తుంది. దానికి ఒక పద్ధతి ఉంది. లెక్క తేలేదాకా ఎవరూ చెరపకూడదు. సంబంధం ఉన్నవాళ్లంతా చూసి, అడగవలసింది అడిగి, ఒప్పుకున్నాక నేనే తడిగుడ్డతో తుడుస్తాను. తుడిచానంటే ఖాయమైనట్టు. ఆ తరువాత ఎవరూ నోరెత్తరు. మా నాన్న కాలం నుంచీ ఇంతే.

చెక్కల వెనుక, బస్తాల పక్కన మా అమ్మ మంచం. ఆమెకు డెబ్బై దాటాయి. చక్కెర జబ్బు ఉంది. మందుగోళి వేసుకున్నాక కడుపునిండా తినకపోతే కళ్లు తిరిగి పడిపోతుందని దవాఖానలో గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి రెండు పూటలా ఆమె కంచం మీద ఇంట్లో అందరి కళ్లూ ఉంటాయి.

పిల్ల రాసిన ఊరు రెండు నదుల నడుమ ఉంటుంది. చుట్టూ తాటిచెట్టంత గోడ. ప్రతి పదిమందికీ ఒక సిపాయి. నడిమధ్య మేడలో పెద్దలు రోజూ విందు చేసుకుంటారు, బయట జనం మాడిపోతుంటారు. నేను సుద్దముక్క తీసుకుని లెక్క మొదలుపెట్టాను. సిపాయి నాటు వెయ్యడు, కోత కొయ్యడు, కానీ మిగతావాళ్లకంటే ఎక్కువ తింటాడు. అతనికి పెళ్లాం పిల్లలుంటారు. గోడ కట్టేవాళ్లు ఆ ఏడు పొలంలో దిగరు. ఇటుక కాల్చడానికి కట్టె కావాలి, కట్టె కొట్టేవాళ్లకు అన్నం కావాలి. మొదటి పంట గోడకే పోయింది. రెండో పంట సిపాయిలకే చాలలేదు. ఈ దుర్మార్గానికి ఖర్చు ఎక్కువ, అందుకే నిలబడదని చెప్పాను. ఖర్చయ్యే దుర్మార్గం దానంతట అదే కూలుతుంది. మిగులు చూపించే దుర్మార్గం అయితేనే నిలుస్తుంది.

ఆమె పెరట్లోకి వెళ్లి తిరిగి వచ్చాక ఇద్దరం మళ్లీ మొదటి నుంచి కట్టాం. నేను మొదట గోడ తీసేశాను. వానాకాలంలో నదులే గోడ. తరువాత సిపాయిలను తీసేశాను. బియ్యం ఇంటికి కాకుండా గల్లీకి మొత్తంగా ఇస్తే చాలు. ఒక ఇల్లు ఎక్కువ తీసుకుంటే పక్కింటికి తక్కువ పడుతుంది. అప్పుడు ప్రతి ఇల్లూ పక్కింటికి ఉత్తపుణ్యానికి కాపలా కాస్తుంది. విందులు కూడా తీసేశాను. పెద్దలు అందరిలాగే అన్నం, పప్పు తింటారు. పొలంలో మాత్రం దిగరు. ఇక వాళ్ల తిండి ఎక్కడినుంచి రావాలి అన్నది ఒక్కటే మిగిలింది. గల్లీకి నలభై ఇళ్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు అరకిలో బియ్యం. గల్లీకి రోజుకు క్వింటాలు. ఇంటికొక ముసలి ప్రాణం ఉంటుంది కదా. అరవై దాటినవాళ్లు నాటు వెయ్యరు కనుక వాళ్లకు సగమే ఇద్దాం. రోజుకు పది కిలోలు మిగులుతుంది. పది కిలోలంటే ఇరవైమంది తిండి. గల్లీని నడిపేవాళ్లు ఇరవైమంది.

ఇవన్నీ వరసగా చెక్క మీద రాశాను. తేలిన ముక్క కింద గీత గీయడం నాకు అలవాటు. 'అరవై దాటినవారికి సగం' కింద రెండు గీతలు గీశాను. లెక్క కలిసినప్పుడు కలిగే సంతోషమే నాకు కలిగింది. పిల్ల చెక్క వైపు చాలాసేపు చూసి, "ఇప్పుడు నిలిచింది" అంది. ఆ గొంతులో సంతోషం లేదు. తాను రాసిన ఊళ్లో ఎవరు చెడ్డవాళ్లో తెలిసేది, ఇందులో వెతుక్కోవాల్సి వస్తోందని చెప్పింది.

నవల పూర్తి కాలేదు కనుక లెక్క తుడవలేదు. అది చెక్క మీద అట్లాగే ఉంది.

ముసురు పట్టింది. ప్రాణహిత ఎర్రగా వచ్చింది. గోదావరి నిండుగా ఉండడంతో ఆ నీళ్లు ముందుకు పోలేక ఒడ్డు పొలాల్లోకి తిరిగాయి. భామ్రాగడ్ వైపు దారి ప్రతి ఏడూ తెగినట్టే తెగింది. సర్కారు వాళ్లు ఆటోకు మైకు కట్టుకుని మరాఠీలో చెబుతూ తిరిగారు, నది ఒడ్డు వాళ్లు మెట్టకు రావాలని, ఇంట్లో సరుకు చూసుకోవాలని. ఇది ప్రతి వానాకాలం వినేదే. ఫోన్లు పనిచేయడం మానేశాయి. బజారులో జనం అరుగుల మీద నిలబడి వానను చూస్తూ ఉండేవాళ్లు. చూడడానికి ఇంకేమీ లేక మా చెక్కలనూ చూసేవాళ్లు.

మొదట అడిగినవాడు ఎదుటి బట్టల దుకాణం ఆయన. ఉప్పు పొట్లం కోసం వచ్చి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించాడు.

"సేటు, అరవై అంటే ఆధార్ల ఉన్నదా, అసలు వయసా?"

నాకు అర్థం కాలేదు. గడ్డంతో చెక్క వైపు చూపించాడు. ఆధార్‌లో తనకు అరవై రెండు పడిందని, నిజానికి యాభై ఎనిమిదేనని చెప్పాడు. అది పిల్ల రాసుకునే కథ కోసం వేసిన లెక్క అని నవ్వాను. ఆయనా నవ్వాడు.

"సరే సరే, కథనే. నీకు చెప్పద్దన్నరు గావచ్చు, నేనెందుకు అడుగుత? జర ముందుగాల తెలిస్తే మంచిదని."

పోతూ పోతూ రెండు బస్తాల బియ్యం ఇంటికి పంపించమన్నాడు.

ఆ తరువాత వస్తూనే ఉన్నారు. నది ఒడ్డు రైతు ఒకాయన, తల్లి పేరును చెల్లెలుండే గల్లీలో వేయించడానికి వీలుంటుందా అని అడిగాడు. అక్కడ ముసలివాళ్లు తక్కువట. కూరగాయలమ్మే ఆమె ఆ ఇరవైమందిని ఎప్పుడు తీసుకుంటారని, తన కొడుకు ఐటీఐ చదివాడని చెప్పింది. ఇంకొకాయన వాతపు మనిషి, కూర్చుని బుట్టలు అల్లితే పనిచేసినట్టే లెక్కా కాదా అని అడిగి వెళ్లాడు. అందరికీ కథ అనే చెప్పాను. కథ అన్నకొద్దీ వాళ్లకు నమ్మకం పెరిగింది. నేను దాస్తున్నాననుకున్నారు. ఎవరూ కోప్పడలేదు. ఎవరు పెట్టారీ నియమం అని ఒక్కరూ అడగలేదు. ఇది అన్యాయం అని ఒక్కరూ అనలేదు. తాము ఏ వైపు వస్తామన్నదే అందరూ అడిగారు.

పిల్ల బస్తాల మధ్య కూర్చుని అన్నీ వింటూ ఉండేది. మొదట్లో నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత నవ్వడం మానేసింది. "జనం ఒప్పుకోరన్న సారు ఒకసారి మన అరుగు మీద కూసుంటే తెలుస్తుండె" అంది.

ఒక మధ్యాహ్నం అమ్మ కంచంలో అన్నాన్ని వేలితో నడిమికి గీసి, ఒక సగాన్ని పక్కకు జరిపింది. మిగతా సగం తిని చెయ్యి కడుక్కుంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. రెండో పూటా అంతే చేసింది. అడిగితే, అలవాటు చేసుకుంటున్నానని చెప్పింది. మంచం మీద నుంచి ఆమె అన్నీ విన్నది. అది కథ అని పిల్ల, నేను ఇద్దరం కూర్చుని చెప్పాం. పిల్ల తన నవల మొదటి నుంచి చదివి వినిపించింది. అమ్మ ఓపికగా విన్నది.

"కథయితే చెక్క మీద ఎందుకు రాసినవ్ కొడుకా?"

చెక్క మీద కథలు రాయరు. ఆ అరుగు మీద తేలింది ఏదీ ఇంతవరకు ఉత్తమాట కాలేదు. నేను లేచి, గుడ్డ తడిపి, బజారు చూస్తుండగానే చెక్కను పైనుంచి కిందిదాకా తుడిచేశాను. ఇక ఈ గోల పోతుందనుకున్నాను.

ఎదురుగా బట్టల దుకాణం ఆయన లేచి నిలబడ్డాడు. పక్క అరుగు మీది ఇద్దరూ మాటలు ఆపారు. గుడ్డ పిండుతున్నప్పుడు తట్టింది, నేనేం చేశానో. ఆ అరుగు మీద తుడవడమంటే కొట్టేయడం కాదు, అందరూ ఒప్పుకున్నారని చెప్పడం. వెనుకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"తుడిసినవా? మంచిదైంది. ఇగ అడుగుడు లేదు, పరేషాన్ లేదు."

ఆ రోజు నుంచి అడగడానికి ఎవరూ రాలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఉప్పుకూ సబ్బుకూ వచ్చేవాళ్లు చెక్కల వైపు చూడకుండా సరుకు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒకామె తన అత్త ఈ మధ్య కొంచెమే తింటోందని, ముసలితనం కదా అని, ఎవరూ అడగకపోయినా చెప్పింది.

అమ్మ ఒక పొద్దున నీళ్ల బిందె దగ్గర పడిపోయింది. గోళి వేసుకుని నాలుగు ముద్దలు మాత్రమే తిన్నదట. నుదురు చిట్లింది. పిల్ల ఆమె నోట్లో చక్కెర పోసి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు తెరిచాక అమ్మ మొదట అడిగింది, కంచంలో వదిలిన అన్నం ఎవరైనా తీసి పెట్టారా అని.

పిల్ల నా దగ్గరికి వచ్చి, ఇంకో లెక్క రాయమంది. ముసలివాళ్లకు కూడా నిండుగా అన్నం ఉండే లెక్క. అదే గల్లీ, అదే క్వింటాలు, అదే ఇరవైమంది. అది కలవదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా రాశాను. కలవని లెక్కను చెక్క మీద పెట్టడం నా బతుకులో అదే మొదలు. కింద గీత గీస్తుంటే చెయ్యి ఆగింది. గీశాను. అమ్మ వినేటట్టు పిల్ల గట్టిగా చదివింది.

నది ఒడ్డు రైతు, తల్లి పేరు మార్పించాలని వచ్చినాయన, బెల్లం కోసం వచ్చి చెక్క ముందు ఆగాడు. పెదవులు కదిలిస్తూ కూడుకున్నాడు. మళ్లీ కూడుకున్నాడు. ఎంతో మర్యాదగా, బాధగా నా వైపు చూశాడు.

"సావుకారీ, నువ్వే తప్పు రాస్తే ఎట్ల? ఇరవైమందికి యాడికెళ్లి వస్తది?"

సుద్దముక్క తీసుకుని, నేను 'నిండుగా' అని రాసినచోట వేలితో చెరిపి, గుండ్రటి అక్షరాలతో 'సగం' అని రాశాడు. కలిసిందని తృప్తిగా తల ఊపి, బెల్లం తీసుకుని వెళ్లాడు. ఇంట్లో ఆయనకు తల్లి ఉంది. ఆ సంగతి ఆయన మరచిపోలేదు. లెక్క తప్పుండడం ఆయన చూడలేకపోయాడు, అంతే.

పిల్ల ఆ మధ్యాహ్నం నవల చివరి భాగం రాయడానికి కూర్చుని ఒక్క ముక్కా రాయలేకపోయింది. ఆమె చదివిన కథలన్నింటిలో చివరికి ఒక రోజు వస్తుంది. ఆ చిన్న పిల్ల అందరి ముందూ నిలబడి మాట్లాడుతుంది, జనం లేస్తారు, గోడ కూలుతుంది. ఇందులో కూలడానికి గోడ లేదు. ఎదురుగా నిలబడడానికి సిపాయి లేడు. ఎవరి ముందు నిలబడాలి, బెల్లం కొనడానికి వచ్చినాయన ముందా? "నిలిచేటట్టు చేసింది నువ్వే గదా కాకా, పడేటట్టు గూడ చెయ్యి" అంది. ఒక రోజంతా ఆలోచించాను. దొరకలేదు.

దారి అమ్మే చూపించింది, తనకు తోచిన దారి. నన్ను మంచం దగ్గరికి పిలిచి, నియమం పెట్టినవాళ్లకు తన తరఫున ఒక్క మాట చేరవెయ్యమంది. సగం వదలడానికి తనకు అభ్యంతరం లేదట. వానాకాలంలో గంజి తాగి పిల్లలకు అన్నం పెట్టడం తనకు కొత్త కాదట.

"గని నా సగం ఆ ఇరవైమందికి ఎందుకు పోవాలె? మా పొల్లకు పోవాలె. గట్ల రాయమను."

లేని అధికారులతో మా అమ్మ బేరం ఆడుతోంది. రాసుకున్నారని చెప్పాను. ఒప్పుకున్నారా అని అడిగింది. ఒప్పుకున్నారని పిల్ల చెప్పింది. అమ్మ ముఖం తేటపడింది.

అప్పటి నుంచి రెండు పూటలా పిల్ల ఆమె ఎదురుగా కూర్చునేది. అమ్మ తన కంచంలో సగం తీసి పిల్ల కంచంలో వేసేది. పిల్ల అదే అన్నాన్ని కలిపి, "ఇది నా వాటా, నాకు ఇష్టమైనోళ్లకు పెట్టుకుంట" అని ముద్ద చేసి ఆమె నోటికి అందించేది. పిల్ల వాటా కనుక అమ్మ కాదనలేదు. నవ్వుతూ తినేది. కడుపు నిండింది, కళ్లు తిరగడం ఆగింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ నియమం ఎక్కడా కదలలేదు. ముందు తన అన్నం తాను తినేది, ఇప్పుడు పెడితే తింటోంది. నేను కట్టిన ఊళ్లో ఈ ఏర్పాటుకు కూడా చోటుంది. దీనివల్ల ఆ ఊరికి ఒక్క గింజ కూడా నష్టం లేదు. ఇంకా గట్టిగా నిలుస్తుంది.

వానలు తగ్గాయి. నీళ్లు పొలాల మీద నుంచి దిగిపోయి బురద మిగిల్చాయి. లారీలు వచ్చాయి. ఆటో మైకు మూగబోయింది. ఏ గల్లీకీ ఎవరూ బియ్యం పంచలేదు, ఎవరి వయసూ ఎవరూ అడగలేదు. ఏమీ జరగలేదని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అనవసరంగా కొన్న బియ్యం గురించి బట్టల దుకాణం ఆయన కూడా నన్ను నిందించలేదు. ఈసారి కాకపోతే మరోసారి పనికొస్తుందన్నట్టు ఉన్నాడు.

అల్లపల్లి బస్సు మొదలయ్యాక పిల్ల వెళ్లిపోయింది. నవల పూర్తి కాలేదు. వెళ్లే ముందు తన బాపమ్మకు, అంటే మా అమ్మకు, ఇక నేనే ముద్ద పెట్టాలని నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో కొత్త బియ్యం బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. వాటికి ఆనుకుని కూర్చుని అమ్మ కంచంలో అన్నాన్ని వేలితో నడిమికి గీసింది. ఒక సగం తిన్నది. రెండో సగం పిల్ల కోసం మూత పెట్టమంది. పిల్ల ఊళ్లో లేదని చెప్పాను. వచ్చినప్పుడు తింటుందని అంది. నేను నా కంచంలోంచి అన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఇది నా వాటా, నాకు ఇష్టమై పెడుతున్నానని చెప్పాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, మెల్లగా నా వైపే తోసింది.

"నీది నువ్వు తిను కొడుకా. నీకు గూడ దగ్గర పడ్తున్నయ్."

నాకు యాభై మూడు. అరవైలోంచి తీసెయ్యడం ఆమె మాట పూర్తయ్యేలోపే నా మనసులో అయిపోయింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.